ముగ్గుపిండి పూసిన ట్యూబు

శనివారం వచ్చిందంటే చాలు, పూల్‌సింగ్‌కు తన మోటార్‌సైకిల్‌తో పేచీ మొదలయ్యేది. టేకులపల్లి అడవి తండాల్లో మలేరియా వర్కరు ఉద్యోగం ఆయనది. వారమంతా జ్వరాల ఇళ్ళు తిరిగి తిరిగి, శనివారం మధ్యాహ్నం ఖమ్మం బయలుదేరేవాడు. కూతురు చాంది చదువు కోసమని భార్య లాలిని, పిల్లను అక్కడి ఖానాపురం హవేలి పేటలో కిరాయి ఇంట్లో పెట్టాడు. బాపు వచ్చేదాకా చాంది అన్నం ముట్టేది కాదు. తండ్రీకూతుళ్ళు ఒకే పళ్ళెంలో తినే ఆ ఒక్క పూట కోసమే ఆయన వారమంతా ఈడ్చుకొచ్చేవాడు.

బండి సాగనిస్తేనా! కారేపల్లి దగ్గరికొచ్చేసరికి వెనక చక్రం కూలబడేది. తోసుకుంటూ తోసుకుంటూ పంక్చర్లు వేసే మార్కు కొట్టుకు చేరేవాడు. అక్కడ అతుకు వేయించుకుని ఇల్లు చేరేసరికి, పిల్ల ఆకలితోనే గడప మీద ఒరిగి నిద్రపోయి ఉండేది. లేపితే లేచేది కాదు.

ఒకసారి మార్కు ట్యూబును వెలుతురుకు పెట్టి చూశాడు.

"ముల్లు గుచ్చలే, మేకు దిగలే సారూ. టైరుకు రాసుకొని రాసుకొని అరిగిపోతాంది. లోపల తెల్ల పౌడరు చల్లు, రాపిడి తగ్గుతది. గాలి గూడ తక్కువ ఉంచకు."

ఏ పౌడరో అడిగితే నోటి ముత్యాలేమైనా రాలేవా? అడగలేదు. మర్నాడు లాలి నల్లా దగ్గరికి వెళ్ళినప్పుడు, కిటికీలో ఉన్న ముగ్గు డబ్బా తీసి ట్యూబు నిండా పూశాడు. తండాలో పుట్టి పెరిగిన మనిషికి ముగ్గు సంగతేం తెలుసు? లాలి కూడా పట్నం వచ్చాకే పక్కింటివాళ్ళను చూసి నేర్చుకుంది. తెల్లగా ఉంది, పిండి అంటున్నారు, మెత్తగానే ఉంటుందనుకున్నాడు. అరుగుడు తగ్గకపోగా రెట్టింపైంది. అయితే చాలలేదేమోనని ఇంకో గుప్పెడు ఎక్కువ పోశాడు మహానుభావుడు! వానాకాలమంతా అదే వరస; లోపల తెల్లగా కనబడేసరికి మార్కు కూడా పౌడరే అనుకున్నాడు. మోకాళ్ళు పట్టేశాయి, నడుము విరిగిపోయింది, మనిషి సగమయ్యాడు.

చలికాలంలో ఒక ఆదివారం చక్రం విప్పుతుండగా లాలి చూసింది.

"అయ్యో, ఏం పని చేస్తానవయ్యా! అది పిండి గాదు, రాయి నూరిన పొడి. రోజూ ముగ్గేసి నా వేళ్ళ తోలే లేస్తాంది, ఇగ రబ్బరు ఆగుతదా?"

పూల్‌సింగ్ వేళ్ళ మధ్య నలిపి చూసుకున్నాడు. గరగరలాడింది. లాలి తడిగుడ్డతో టైరు లోపలంతా తుడిచి, ఆరబెట్టి, తన ముఖానికి రాసుకునే పౌడరు చల్లి ఇచ్చింది.

ఆ వచ్చే శనివారం బండి ఎక్కడా ఆగలేదు. మార్కు కొట్టు ముందు చెయ్యి ఊపి మరీ వచ్చేశాడు. పొద్దు గుంకీ గుంకకముందే ఇల్లు చేరాడు.

"ఇంత జల్దీ వచ్చినవేంది?" అంది లాలి తెల్లబోయి. "చాంది తిన్నది. పక్కింట్ల టీవీల సినిమా చూస్తాంది."

ఆయన పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్ళి పిలిచాడు. చాంది ఒక చూపు టీవీ మీదే ఉంచి బయటికొచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

"అవ్ బాపూ. నీకోసం చూసి చూసి కడుపునొప్పి లేస్తాందని ఈ నడుమ అమ్మ ముందే పెడతాంది. ఇప్పుడు నాకు నువ్వు రాకున్నా ఏడుపొస్తలేదు" అంది, బాపు మెచ్చుకుంటాడని.

"ఇయ్యాల వచ్చిన గద."

"సినిమా అయినంక వస్త" అని లోపలికి పరుగెత్తింది.

పూల్‌సింగ్‌కు ఎవరి మీదా కోపం రాలేదు. పిల్ల తప్పేముంది? వానాకాలపు అలసటంతా ఒక్కసారే మీద పడ్డట్టయింది. లాలి వడ్డిస్తే కూర్చున్నాడు. పళ్ళెంలో ఒక పక్కన చాంది వంతు అన్నం అలాగే వదిలేసి, మిగతాది ఒక్కడే తిన్నాడు.