జ్ఞానరాజు మేష్టారి స్కానరు బేరం

మా పక్కింటి జ్ఞానరాజు మేష్టారు ఏ వస్తువు కొనాలన్నా ముందు నర్సీపట్నం అంతటినీ సలహా అడుగుతారు. అడగడం వరకూ ఎవరైనా అడుగుతారు. ఈయన విన్న ప్రతి సలహానీ ఒప్పేసుకుంటారు, అదీ చిక్కు. పొద్దున్న ఒకాయన చెప్పింది మధ్యాహ్నం దాకా బైబిలు వాక్యం. మధ్యాహ్నం ఇంకొకాయన ఎదురైతే కళ్లజోడు పైకి తోసుకుని, "అయితే అది వద్దంటారా?" అంటారు. అక్కడితో బేరం మళ్లీ మొదటికొస్తుంది.

వంకాయలకని బజారుకెళ్లి, పక్కావిడ మాట మీద బెండకాయలు ఏరి, ఆవిడ వెనకాయన మాట మీద అవీ వదిలేసి, ఖాళీ సంచీతో ఇంటికొచ్చిన మనిషి. "పెళ్లిచూపుల్లో నన్నే సలహా అడిగారు," అనేవారు ఆయన భార్య కృపామణి గారు. "మిమ్మల్ని చేసుకోమంటారా, వద్దంటారా అని. జాలేసి చేసుకోమన్నాను. లేకపోతే ఈపాటికింకా అడుగుతూనే ఉందురు."

అలాంటి మనిషి నెత్తిన 2003లో వాళ్ల చర్చి కమిటీ సిల్వర్ జూబ్లీ సినిమా పెట్టింది. చర్చి కట్టిన నాటి పాత ఫోటోలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, వరసగా పేర్చి, కింద పాట పెట్టి, సీడీ చేసి, జూబ్లీ ఆదివారం టీవీలో చూపించాలి. రిటైరయ్యాక ఇంట్లో కంప్యూటర్ పెట్టుకున్నది ఆయనొక్కరే కాబట్టి పని ఆయనదే. కంప్యూటర్ ఉంది, ఫోటోలున్నాయి. ఫోటో లోపలికెళ్లే దారే లేదు. ఆ దారి ఏదో ఆయన కొనాలి.

కంప్యూటర్ల షాపు దయాకర్ బాబు దగ్గరికి నన్ను తోడు తీసుకెళ్లారు. ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నాను కాబట్టి కాదనలేను.

"స్కానరు తీసుకోండి మేష్టారూ," అన్నాడు దయాకర్ బాబు. "జిరాక్సులాగే. ఫోటో బోర్లా పెట్టి మూతేస్తే కంప్యూటర్లో ఉంటాది."

"బాగుంది. మరి ఫోటో మీద అద్దం ఉంటే ఏటండీ పరిస్థితి?"

"అద్దం తీసీండి."

"తీయడానికి లేకపోతే?"

"తీయడానికి లేని అద్దం ఎక్కడుంటాదండీ!" అని దయాకర్ బాబు పడి పడి నవ్వాడు. నేనూ నవ్వాను.

దారిలో పెళ్లిళ్ల వీడియోలు తీసే మన్మథరావు ఎదురయ్యాడు. "స్కానరేటండీ, పాత పద్ధతి! ఫోటోలు బల్ల మీద పరిస్తే నా హ్యాండీక్యామ్‌తో తీసీనా? మీ కంప్యూటర్లో క్యాప్చర్ కార్డు ఒకటి బిగించుకోండి, టేపు నుంచి లోపలికి ఎక్కిపోద్ది. ఫోటో అటూ ఇటూ కదుల్తాది కూడాను."

"ఫోటో ఎందుకండీ కదలడం?"

"సినిమా కదేటి!"

"నిజమే సుమా. అయితే స్కానరు వద్దంటారా? మరి అద్దం ఉంటే?"

"నా లైటు దానిమీద పడి కళ్లు జిగేల్‌మంటాయి. అద్దం పీకీండి."

అంతే. మన్మథరావు మాటలు దయాకర్ బాబుకీ, దయాకర్ బాబు మాటలు మన్మథరావుకీ మోయడం మొదలెట్టారు. పాపం, ఇద్దర్నీ ఎంత గట్టిగా ఒప్పించారంటే, కొన్నాళ్లకి దయాకర్ బాబు హ్యాండీక్యామ్ ఎక్కడ దొరుకుతుందని వాకబు చేస్తున్నాడు. మన్మథరావు నన్ను చాటుకి పిలిచి, "ధర్మారావు గారూ, నేనే ఒక స్కానరు కొనుక్కుంటే మంచిదేమోనండీ?" అన్నాడు. ఊళ్లో తెలివి స్థిరంగా ఉన్నది ఒక్క కృపామణి గారికే.

ఆ తర్వాత విశాఖపట్నం వెళ్లాం. అక్కడి షాపులో టై కట్టుకున్న కుర్రాడొకడు డిజిటల్ కెమెరా చేతిలో పెట్టి మెగాపిక్సెళ్ల గురించి ఊదరగొట్టాడు.

"అంటే ఏటి బాబూ?"

"చుక్కలు సార్. లక్షల చుక్కలు."

"చుక్కలు నాకెందుకు, మొహాలు కావాలి గానీ."

అక్కడా అద్దం ప్రశ్న అడిగారు. ఆ కుర్రాడు ఫ్లాషు, కోణం అంటూ ఏదో చెప్పాడు. నాకు బుర్ర తిరిగిపోయింది. తిరుగు బస్సులో మేష్టారు కండక్టర్ని కూడా అడిగారు. ఆయన టిక్కెట్టు తీసుకోమన్నాడు.

జూబ్లీ ముంచుకొచ్చేసింది. మేష్టారు ఎక్కడ కనబడితే అక్కడ కమిటీవాళ్లు నవ్వుతున్నారు. నాకు ఒళ్లు మండి, దయాకర్ బాబు షాపులోంచి స్కానరు మోసుకొచ్చి ఆయన బల్ల మీద పెట్టాను. "మేష్టారూ, ఇదే. ఇంకెవర్నీ అడక్కండి."

"అయితే ఇదే అంటావా?" అని ఆనందంగా కూర్చుని ఫోటోలన్నీ ఎక్కించేశారు. గొడవ వదిలిందనుకున్నాను.

శనివారం మధ్యాహ్నం కొండలమ్మ వచ్చింది. చర్చి ఊడ్చే మనిషి. గొలుగొండ అవతల కొండల్లోంచి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. ఆ చర్చి గోడల్లో రాయంతా ఆమె మొగుడు సింగన్న ఎడ్లబండి మీద తోలిందే. వాళ్లు క్రైస్తవంలో కలిసినవాళ్లు కారు. రాయి దింపిన రోజు ఎడ్ల పక్కన నిలబెట్టి ఎవరో ఫోటో తీసిచ్చారు. సింగన్న పోయాక అదొక్కటే మిగిలింది. ఆ ఫోటో, ఫ్రేముతో సహా, కోక చెంగులో చుట్టుకుని తెచ్చింది. అద్దం మీద సింగన్న నుదుటికి సరిగ్గా కుంకుమ బొట్టు.

"దీనికేం, ఒక్క నిమిషం," అని నేను స్క్రూడ్రైవర్ తీసి ఫ్రేము వెనక మేకు కింద దూర్చబోయాను.

"ముట్టుకోకు!"

ఉలిక్కిపడ్డాను. జన్మలో ఎవరి మాటకీ ఎదురు చెప్పని మేష్టారు అరిచిన అరుపది.

"ఇల్లు కారి తడిసిపోనాది బాబూ," అంది కొండలమ్మ. "బొమ్మ అద్దానికి అంటుకుపోనాది. ఊడదీత్తే మొకం ఊడొచ్చెస్తాది."

మేష్టారు బీరువా తెరిచి, బట్టల వెనక నుంచి ఒక పెట్టె తీశారు. విశాఖపట్నంలో చూసిన డిజిటల్ కెమెరా!

కృపామణి గారు గుమ్మం పట్టుకుని నిలబడిపోయారు. "ఎవర్నడిగి కొన్నారండీ?"

"ఎవర్నీ అడగలేదు. వెళ్లి తెచ్చీసేను," అన్నారు, తప్పు చేసినవాడిలా.

నాకు అప్పుడు వెలిగింది. "అద్దం, అద్దం అని ఇన్నాళ్లూ అడిగింది దీని గురించా? ఆ ముక్క చెబితే పోయేది కదండీ!"

మేష్టారు నన్ను పక్కకి లాగి గొంతు తగ్గించారు. "ఇది కొండలమ్మ ఇంటి గోడ మీద ఎప్పుడో చూసేను. చెబితే కమిటీవాళ్లు ఒక్క ఫోటోకి ఇంత గొడవెందుకు, వదిలీమంటారు. అది వింటే కొండలమ్మే పోనీండి బాబూ అంటాది. నాకే ఏటీ తేలడం లేదంటే నన్ను చూసి నవ్వుతారు. అది వాళ్లకీ అలవాటే, నాకూ అలవాటే."

నాకు ఆయన్ని చూస్తే ముద్దొచ్చింది. పెద్దాయన కాబట్టి ఊరుకున్నాను.

అరుగు మీద ఫ్రేము నిలబెట్టి, ఫ్లాషు ఆపేసి, వెలుగు మెరవకుండా కృపామణి గారి నల్ల గొడుగు అడ్డం పట్టుకుని ఫోటో తీశారు. దుమ్ము తుడవమంటారా అని కృపామణి గారు పైట చెంగు పట్టుకొస్తే, "బొట్టు జాగ్రత్త," అన్నారు.

ఆదివారం చర్చి నిండిపోయింది. టీవీలో పునాదులు, పాదిర్లు, ఆడవాళ్ల కూటం అన్నీ వచ్చాయి. తర్వాత సింగన్న వచ్చాడు, బొట్టుతో, ఎడ్లతో. కొండలమ్మ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అంతలో ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. అద్దంలో ఓ మూల, ఎడ్ల వెనకాల, గొడుగూ బట్టతలా కళ్లజోడుతో సహా మేష్టారు కూడా పడ్డారు! చర్చంతా గొల్లున నవ్వింది.

మేష్టారు కంగారుగా లేచారు. "క్షమించండి, పాడైపోయింది. ఇంకోసారి తీయమంటారా?"

"వద్దు బాబూ, ఉంచీయండి," అంది గుమ్మం దగ్గర కూర్చున్న కొండలమ్మ, కళ్లు తుడుచుకుని నవ్వుతూ. "ఇన్నేళ్లూ గోడ మీద ఒక్కడే ఉన్నాడు. ఇప్పుడు మీరు గొడుగట్టుకుని తోడొచ్చేరు."

మేష్టారు కళ్లజోడు పైకి తోసుకుని చుట్టూ చూశారు. "అయితే ఉంచీమంటారా?"

"ఉంచీమంటాం!" అని చర్చంతా ఒక్కసారే అరిచింది.

ఆ విషయంలో ఆయన మళ్లీ ఎవర్నీ సలహా అడగలేదు.