రంగులక్క గోడ

నాగపూర్‌లో బిజినెస్ డిగ్రీ చేతికొచ్చిన ఆ కొత్త రోజుల్లో, నేను బాగుచేయలేని దుకాణమంటూ లోకంలో లేదని గట్టిగా నమ్మేదాన్ని. నా కర్మకొద్దీ (దుకాణం కర్మకొద్దీ అనాలేమో) ముందుగా చేతికి చిక్కింది చంద్రపూర్ బజారులో మా పెద్దబాపు, అంటే నాన్నకు అన్న, నడిపే మ్యాచింగ్ సెంటర్. చీర పట్టుకొస్తే సరిపోయే రైక గుడ్డ తీసిచ్చే దుకాణమన్నమాట. నేల నుంచి కప్పు దాకా ఒకటే గోడ, గోడ నిండా గుడ్డ తానులు. ఆ గోడకు అధికారి పెద్దబాపు కూతురు, నాకు అక్క. బజారంతా ఆమెను రంగులక్క అనేది.

అక్కకు ఆటిజం అని డాక్టరు చెప్పేనాటికి ఆమెకు పద్దెనిమిదేళ్లు. అంతదాకా ఇంట్లో "దాని తీరే గంత" అని ఊరుకున్నారు. సంగతి తెలిశాక పెద్దబాపు దుకాణాన్నే ఆమె తీరుకు మార్చేశాడు. పాటలు ఉండవు, మెరిసే లైట్లు ఉండవు, ఒకసారికి ఒకటే చీర, ఆమె తానులు ఎవరూ ముట్టరాదు. అక్క చీరను ఒక్క చూపు చూసి, రెండడుగులు వేసి, తాను లాగేది. తప్పు పోవడమన్నది లేదు. రంగులకు పేర్లు కూడా ఆమె సొంతమే: 'వానకాలం ఇరై నది', 'కోర్పనా పత్తి', 'ఊర్జానగర్ పొగ' (అక్కడి కరెంటు ఫ్యాక్టరీ పొగలో మళ్లీ రెండు రకాలు, పొద్దుటిది, సాయంత్రంది).

ఇదంతా నాకు పాతచింతకాయ పచ్చడిలా కనిపించింది. అక్క డాక్టరు దగ్గరికని నాగపూర్ వెళ్లిన రోజు, "పెద్దబాపూ, ఇగ అక్క ఇంట్ల కూసుంటె మంచిగుంటది. నా కంప్యూటర్ అంత చూస్కుంటది" అన్నాను. తన తర్వాత ఆ గోడను ఎవరు సంభాళిస్తారన్న దిగులు ఆయనకూ ఉంది. "రేపొక్కరోజు చూస్త. నడిస్తె గట్లనే చేద్దం" అన్నాడు పాపం. ఇక నన్ను పట్టేవాళ్లెవరు? తానులన్నీ దించి, నంబర్ల స్టికర్లు అంటించి, ఇంద్రధనుస్సు వరుసలో సర్ది, పెట్టెడు లైట్లు, ఒక స్పీకరు బిగించాను.

మర్నాడు అక్క వచ్చింది. గోడను చూసింది. చున్నీతో చెవులు మూసుకుని గుడ్డలు కత్తిరించే బల్ల కిందికి వెళ్లి కూర్చుంది. అరగంటలో కోర్పనా నుంచి పెళ్లివాళ్లు దిగారు. పద్నాలుగు చీరలు, ఎల్లుండే లగ్గం, టైలరు కూర్చుని ఉన్నాడు. నేను కంప్యూటర్లో 'గులాబీ 14' కొట్టి, నిచ్చెనెక్కి తాను దించాను. పెళ్లికూతురి మేనత్త దాన్ని చీర పక్కన పెట్టి చూసి, "ఏందే పోరీ, బిడ్డకు బీట్‌రూట్ కూర తొడగాల్నా?" అంది. రెండోది అంతకన్నా ఘోరం. మూడోది నా చేతిలోంచి జారి, మెట్లు దిగి, విప్పుకుంటూ బజారున పడింది. పెళ్లివాళ్ల పిల్లలు కేకలేస్తూ దాని వెంటపడ్డారు. ఒక ఆటోవాలా బండి ఆపి "అరే, కాయ్ ఝాలా?" అంటూ ఏమైందని అడిగాడు. స్పీకరు మాత్రం హాయిగా పాడుతూనే ఉంది.

"రంగులక్క లేదా? చలా, బల్లార్పూర్ పోదం" అంటూ మేనత్త చీరలు మూటగట్టింది. పెద్దబాపు బల్ల కిందికే చూస్తున్నాడు. అప్పుడు నాకు నిజంగా సిగ్గేసింది. అక్క చోటు నేను లాక్కున్నాను, అది కూడా చేతగాకుండా.

మోకాళ్ల మీద బల్ల కిందికి దూరాను. "అక్కా, తప్పైంది. ఏం చెయ్యాలె?"

అక్క చెవుల మీది చున్నీ కొంచెం జరిపింది. "పాట బంద్ చెయ్. లైట్లు బంద్ చెయ్. స్టికర్లు పీకెయ్. నువ్వు మాట్లాడకు." (మొదటి మూడూ సులువే.)

తర్వాత కళ్లు మూసుకుని మెల్లగా చెప్పసాగింది. "ఇంటి గేటు. పక్కింటి మందారం. పాల డబ్బా. బొగ్గు లారీ. పండ్ల బండి..." ఎన్నేళ్లుగానో చూస్తున్నా నాకు తెలియనిది అప్పుడు తెలిసింది. ఆ గోడ మా ఇంటి నుంచి దుకాణానికి వచ్చే దారి! కనబడ్డ రంగు కనబడ్డ వరుసలో ఉంది.

బల్ల కింది నుంచి రంగులక్క గొంతు వినగానే మూట విప్పి మేనత్తే ముందు కొంగు బిగించింది. ఆడవాళ్లంతా నిచ్చెన దాకా వరుసకట్టారు. నేను నోరు మూసుకుని నిచ్చెన పైన. "బొగ్గు లారీ దొరికింది!" "అగ బాయీ, మందారం యాడ వోయింది?" "పండ్ల బండి నా దగ్గరున్నది, అందుకోండ్రి!" ఒక ముసలమ్మ పాల డబ్బాను ఒళ్లో పెట్టుకుని, తన వంతు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వలేదు. సగం గోడ లేచేసరికి అక్క బయటికొచ్చింది. భోజనాల వేళకు పద్నాలుగు చీరలకూ పద్నాలుగు గుడ్డలు, ఒక్కటీ తేడా లేకుండా. మేనత్త ఆనందం పట్టలేక కౌగిలించుకోబోతే అక్క వెనక్కి జరిగి "పట్టుకోవద్దు" అంది. "సరె బిడ్డా, గీడికెంచే దండం" అని ఆమె నవ్వుతూ చేతులు జోడించింది.

"రేపటి సంది నువ్వు అక్క దగ్గర పని నేర్చుకో" అన్నాడు పెద్దబాపు నాతో.

ఇప్పుడు దుకాణం అక్కదే. ఇద్దరమ్మాయిలకు ఆమే పని నేర్పుతోంది, ఆమె నియమాలు తలుపు మీద మరాఠీలో, తెలుగులో రాసి ఉన్నాయి. నేనొక్కదాన్నే కనబడితే జనం "మళ్ల వస్తం" అని వెళ్లిపోతారు. మొన్న ఒక కొత్త తాను వచ్చింది, మండిపోయే ఎరుపు. అక్క దాన్ని తీసుకెళ్లి మొదటి అరలో, ఇంటి గేటు పక్కనే పెట్టింది. పేరేమిటని అడిగాను.

"ఆ రోజు బల్ల కింద నీ మొహం."

"గంత ఎర్రగ ఉన్ననా అక్కా?"

"అవ్."

అంతా తెలుసనుకున్న ఆనాటి నా మొహాన్ని ఇప్పుడు మీటర్ల లెక్కన కోసి అమ్ముతున్నాం. పెళ్లిళ్లకు బాగా పోతోంది. తాను అయిపోవచ్చినప్పుడల్లా నాకెందుకో దిగులేస్తుంది, ఆ మర్నాడే అక్క మళ్లీ తెప్పిస్తుంది.