బావ పదహారు లైన్లు

ఆదివారం పొద్దున పదిన్నర కాగానే ఆ ఆరంతస్తుల భవనంలో లిఫ్ట్ ఎందుకు ఆగిపోతుందో అక్కడ కాపురముంటున్న వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. తలుపు మీద ‘మరమ్మతు జరుగుతోంది’ అన్న అట్ట వేలాడుతుంది. లోపల మరమ్మతూ లేదు, మన్నూ లేదు. మూడు గోడలకీ పాత బొంతలు వేలాడదీసి, తలకి దీపం ఉన్న హెల్మెట్ పెట్టుకుని, మెకానిక్కు తన పాట తాను రికార్డు చేసుకుంటున్నాడు. ఎనిమిది నిమిషాలు దాటితే ఉక్క భరించలేడు. ఆ ఎనిమిది నిమిషాల్లో అయింది అయినట్టు, లేకపోతే మళ్ళీ ఆదివారమే.

ఒకసారి అయిదో అంతస్తు పెద్దాయన మెట్లెక్కబోతూ ఆగి తలుపు తట్టాడు.

“లోపల ఎవరో తిట్టుకుంటున్నారయ్యా!”

“నేనేనండీ. లిఫ్ట్‌ని తిడుతున్నా. తిడితే గానీ కదిలేలా లేదు.”

పెద్దాయనకి ఆ పద్ధతి నచ్చినట్టుంది. “గట్టిగా తిట్టు” అని చెప్పి మెట్లెక్కి పోయాడు.

పాటలవాళ్ళంతా అతన్ని ‘లిఫ్టు’ అంటారు. ముప్ఫై అయిదేళ్ళ మనిషి. అందులో పన్నెండేళ్ళు ర్యాప్‌కే ధారపోశాడు. నెలకోసారి ఒక ఫర్నిచర్ కొట్టు కింద ఉన్న గోడౌన్‌లో బీరువాలు గోడకి జరిపి అతనూ, అతనిలాంటి వాళ్ళు మరో పది మందీ పాడతారు. వినేవాళ్ళు అరవై మంది, మహా అయితే డెబ్భై. “నేను అండర్‌గ్రౌండ్ కళాకారుణ్ణి” అని మొదటిసారి ఇంట్లో చెప్పినప్పుడు వాళ్ళ అక్క, “నేల కింద ఎవరుంటార్రా వినడానికి, చీమలా?” అంది. చీమలు కావు గానీ, ఆ అరవై మందికీ అతని పాటలు కంఠతా వచ్చు. అంతకంటే ఎక్కువ అతను ఎప్పుడూ కోరలేదు. అతను కోరింది వేరే ఉంది.

అతనికి ఈ విద్య నేర్పినవాడు బావ. అప్పటికింకా బావ కాలేదు. చెవి మిషన్లు అమ్మే కొట్లో వినికిడి పరీక్షలు చేసేవాడు. ఆ కొట్టున్న భవనంలో లిఫ్ట్ బాగుచెయ్యడానికి వెళ్ళిన మెకానిక్కు మంచినీళ్ళ కోసం కొట్లోకి తొంగి చూస్తే, పరీక్ష చేసే చిన్న గాజు గదిలో మిషన్లాయన ఒక్కడే కూర్చుని చేతులూపుతూ నోరు కదుపుతున్నాడు. బయటికి చప్పుడు ఒక్క పిసరు రావడం లేదు. పిచ్చివాడనుకున్నాడు. తలుపు తీసి ఆ ర్యాప్ వినేసరికి అర్థమైంది, తనకంటే పెద్ద పిచ్చివాడని.

ఆ గది వాళ్ళకి అడగకుండా దొరికిన స్టూడియో అయింది. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండు దాకా కొట్టు మూసి ఉండేది. ఆ గంటలోనే రాయడం, కొట్టెయ్యడం, పాడడం, పోట్లాడుకోవడం అన్నీ. బావకి కొన్ని పట్టింపులుండేవి. ‘చేస్తున్నా, చూస్తున్నా, రాస్తున్నా’ అని ప్రాస కలిపితే కాగితం లాక్కునేవాడు.

“క్రియలన్నీ ఒకే బడి పిల్లలు. అందరికీ ఒకటే యూనిఫారం. వాళ్ళని వరసలో నిలబెట్టడానికి నువ్వెందుకు? వేరువేరు ఇళ్ళ పిల్లల్ని తీసుకొచ్చి అన్నదమ్ముల్లా కనపడేట్టు చెయ్యి, అప్పుడు చూద్దాం.”

ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా ముందే కాగితం మీద గీత పెట్టమనేవాడు. ఊపిరి కూడా పాటలో మాటేనని, దాన్ని దొంగతనంగా తీసుకుంటే వినేవాడికి తెలిసిపోతుందని అతని వాదన. ఇతను లిఫ్టు సర్వీసు కార్డుల వెనక రాసుకునేవాడు, తాళ్ళకి గ్రీజు పూసిన వేళ్ళతోనే. ఒక్కో పాటలో ఇతనివి పదహారు లైన్లు, బావవి పదహారు, మళ్ళీ ఇతనివి పదహారు.

మధ్యలో బావ నిజంగానే బావ అయ్యాడు. పాటలు రాసుకోవడానికి ఇంటికి వచ్చిపోతూ అక్కతో మాటలు కలిపాడు. పెళ్ళయ్యాక వాళ్ళ పాటలకి కొత్త రుచి వచ్చింది. బావా బావమరుదుల వేళాకోళానికి గోడౌన్ ఊగిపోయేది. ఇతను మైకు పట్టుకుని,

*తాడు మీద వేలాడే గదిలో తలుపు తీసే పని నాది,*
*మేడ మీదికి మిమ్మల్ని పంపి మెట్ల మీద నడక నాది*

అనగానే, బావ మైకు లాక్కుని అందుకునేవాడు:

*మూడు గజాల గాజు గదిలో మూగ చెవులకు మాట నాది,*
*పాడు నోటి బామ్మర్దికి పగ్గం వేసే పాట నాది.*

అలా ఏడేళ్ళు. తర్వాత ఒక రోజు అక్క రెండు సంచులతో వచ్చేసింది.

ఆవిడ కారు నడపడం నేర్పుతుంది. ఎదుటివాడు ఎంత భయపడ్డా తను గొంతు పెంచదు. ఆ రోజు కూడా పెంచలేదు. “కొట్టలేదు, తిట్టలేదు. నేనెవర్నీ తప్పుపట్టడం లేదు. మైకు ముందు పదహారు లైన్లు చెప్తాడు, ఇంట్లో రోజుకి పదహారు మాటలు లేవు. అడిగితే నవ్వుతాడు. నవ్వుతో ఎన్నాళ్ళు కాపురం చెయ్యను?” అంది. సంచులు కింద పెట్టి, “ఉన్న మాటలన్నీ మీ ఇద్దరూ ఖర్చుపెట్టేశార్రా” అంది.

తమ్ముడికి ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. అది నిజం. ఏడేళ్ళ మధ్యాహ్నాలూ, చాలా ఆదివారాలూ అక్క దగ్గర్నుంచి తీసుకున్నవే. మళ్ళీ బావకి ఫోన్ చేస్తే అక్క మొహం ఎలా చూడడం? చెయ్యలేదు. బావా చెయ్యలేదు. రెండేళ్ళయింది.

ఆ రెండేళ్ళలో తొమ్మిది పాటలు చేశాడు. తొమ్మిదింటిలోనూ మధ్య పదహారు లైన్లు ఖాళీ. తన వంతు పాడతాడు, ఆపేస్తాడు, బీట్ ఒక్కటే నలభై సెకన్లు నడుస్తుంది, మళ్ళీ తన వంతు. గోడౌన్‌లో పాడేటప్పుడు ఆ నలభై సెకన్లూ మైకు దించి నేలకేసి చూస్తూ నిలబడతాడు. కొత్తవాళ్ళు అదేదో స్టైలనుకుని ఈలలేస్తారు. పాతవాళ్ళు గమ్మునుంటారు. అతను మాత్రం ఆ నలభై సెకన్లలో పక్కన ఇంకో మనిషి ఊపిరి తీసుకునే చప్పుడు కోసం చెవులు రిక్కిస్తాడు. ప్రతిసారీ వినపడుతుందనే అనుకుంటాడు. మనిషి ఆశ అంత సిగ్గులేనిది.

ఒక్క పాటా బయటికి వదల్లేదు. గోడౌన్‌లో పాటలు నడిపేవాళ్ళు ఒక సంకలనం వేస్తూ మూడు పాటలు అడిగారు, మధ్యలో ఖాళీ లేకుండా. “ఇంకా పూర్తి కాలేదు” అన్నాడు. కత్తిరించి అతికిస్తే అయిపోతుంది కదా అన్నారు. తన చేత్తో బావ చోటు కత్తిరించడానికి అతనికి మనసు రాలేదు.

అక్కకి ఈ సంగతి కారులో తెలిసింది. ఒక పొద్దున తమ్ముణ్ణి పని దగ్గర దింపుతుంటే, అతని ఫోన్‌లోని పాట పొరపాటున కారు స్పీకర్లో మోగింది. ఆపబోతే “ఉండనీ” అంది. పదహారు లైన్లయ్యాయి. బీట్ ఒక్కటే నడిచింది. అక్క కారు పక్కకి తీసి ఆపింది.

“ఇక్కడ ఎవరు పాడాలి?”

తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు.

“అన్ని పాటలూ ఇంతేనా?”

“తొమ్మిది.”

“నా కోసమా ఆపుకున్నావు?”

“నిన్ను బాధపెట్టలేక...”

“నాకు మొగుడు కాకుండా పోయాడు గానీ నీకు బావ కాకుండా పోయాడా? పంపించు. పాడమను.” గేరు మార్చి, రోడ్డు చూస్తూ, “నాకు దొరకని మాటలు నీకైనా దొరకనీ” అంది. ఆ మాటలో కోపం లేదు. ఉంటేనే బాగుండుననిపించింది అతనికి.

ఆ రోజే తొమ్మిది పాటలూ పంపాడు, గొంతు విడిగా, బీట్ విడిగా. కింద రాశాడు: ‘బావా, నీ చోటు అలాగే ఉంది.’

ఇక ఎదురుచూపు. లిఫ్ట్ గుంటలోకి దిగితే ఫోన్‌కి సిగ్నల్ ఉండదు. పావుగంట పనికి నాలుగుసార్లు పైకెక్కి చూసుకునేవాడు. అయిదో అంతస్తు పెద్దాయన “గుంటలో ఏమన్నా కుట్టిందా?” అని కూడా అడిగాడు. రాత కూడా మారింది. ఇన్నాళ్ళూ ఒంటరిగా గొణుక్కున్నవాడు, ఎదుటి మనిషి ఎలా అందుకుంటాడో ఊహించుకుంటూ రాయసాగాడు. బావ ఎక్కడ వెక్కిరిస్తాడో అక్కడ ముందే జాగా ఉంచాడు. అక్క రోజూ అడగలేదు. కానీ రోజూ అతను ఇంటికి రాగానే ఒకసారి మొహంలోకి చూసేది.

పన్నెండో రోజు మధ్యాహ్నం జవాబొచ్చింది. తొమ్మిది పాటలు, ఒకే ఒక్క ముక్క: ‘పూర్తయ్యాయి. వదిలెయ్.’

లిఫ్ట్ పై గదిలో మోటారు పక్కన కూర్చుని చెవులకి హెడ్‌ఫోన్స్ తగిలించుకున్నాడు. మొదటి పాట. తన గొంతు ఇంత బాగుంటుందని అతనికే తెలియదు. గరగరలన్నీ పోయాయి, ఊపిరి గీత పెట్టిన చోటే వినపడుతోంది. పదహారో లైను వచ్చింది. కళ్ళు మూసుకున్నాడు. బావ వస్తాడు, ఇప్పుడు వస్తాడు.

తన గొంతే వచ్చింది. తన రెండో వంతు.

పొరపాటుగా వేరే పాట పెట్టాననుకున్నాడు. రెండోది విన్నాడు. మూడోది. తొమ్మిదింటిలోనూ నలభై సెకన్లు లేవు. బావ తన చోటు మూసేసి, రెండు అంచులూ దగ్గరికి తెచ్చి కలిపేశాడు. బీట్ ఎక్కడా తడబడలేదు. రెండో వంతు మొదటి మాటకి ముందు కావలసిన ఊపిరి సరిగ్గా అక్కడుంది. అతుకు ఎక్కడుందో పట్టుకోవాలని ఒక్కో పాటా అయిదారుసార్లు విన్నాడు. పట్టుకోలేకపోయాడు. పన్నెండు రోజులూ ఆ మనిషి గాజు గదిలో కూర్చుని ఈ పనే చేసి ఉంటాడు, తన పేరు లేకుండా, తన గొంతు లేకుండా. ఇంతకంటే ప్రేమగా ఎవరూ ఎవరినీ వదిలించుకోరు.

మోటారు చప్పుడులో ఎవరికీ వినపడదని కాసేపు ఏడ్చాడు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అక్క వంటింట్లో కూరలు తరుగుతోంది. మొహం చూసి కత్తి కింద పెట్టింది.

“వచ్చిందా?”

అతను హెడ్‌ఫోన్స్ తీసి అక్క చెవులకి పెట్టి, మొదటి పాట నొక్కాడు. ఆవిడ బల్లకి ఆనుకుని, తల వంచి, కళ్ళు మూసుకుని వింది. తడిచేతులు చీరకి తుడుచుకోవడం కూడా మరిచిపోయింది. పాట నడుస్తోంది. పెదవులు బిగపట్టి, ఎవరో గుమ్మంలోకి రాబోతున్నట్టు నిలబడిపోయింది. రెండేళ్ళుగా ఎదురుచూస్తున్నది తనొక్కడే అనుకున్నాడు తమ్ముడు. ఎంత తెలివితక్కువవాడు!

పాట అయిపోయింది. అక్క కళ్ళు తెరిచింది.

“ఆయన ఎక్కడ్రా?”

“బావ చోటు దాటేశాం అక్కా.”

ఆవిడ హెడ్‌ఫోన్స్ సర్దుకుని, “నాకు సరిగ్గా వినపడలేదేమో, ఇంకోసారి పెట్టు” అంది.