ఏడో బోరులో ఖాళీ

దశరథ అనుమానం మనిషి. పాలవాడు కాస్త నవ్వితే ఇవాళ నీళ్లు ఎక్కువ కలిపాడని తేల్చేసే రకం. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, సరూర్‌నగర్‌లో కిరాయికుంటూ, దిల్‌సుఖ్‌నగర్‌లో టిఫిన్ సెంటర్ మీదున్న చిన్న ఆఫీసులో పనిచేసేవాడు. భూమి లోపలి పొరలను కంప్యూటర్‌లో బొమ్మ కట్టడం ఆ ఆఫీసు పని. బోర్లలో దొరికిన రాళ్ల వివరాలు దశరథ ఎక్కిస్తే, బోరుకూ బోరుకూ మధ్య ఎవరి కంటికీ కనబడని చోట ఏముందో కంప్యూటర్ అంచనా వేసేది. ఇసుక పొరకు ఇసుక పొర తగిలితే నీళ్లు పారతాయి. మధ్యలో బంకమన్ను ఉంటే ఆగిపోతాయి.

ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె జరుగుతున్న రోజుల్లో వాళ్ల చేతికి గోదావరి పక్క బొగ్గుగని పని వచ్చింది. గనిలో నీళ్లు తోడితే దగ్గరి ఊరి బావులు ఎండుతాయా? ఎండవని చెప్పింది కంప్యూటర్. పొరలు కలవలేదట. దశరథకు ఒళ్లు మండింది. రిపోర్టు మీద సంతకం పెట్టేది పై అధికారి శేషారత్నం, తెనాలి మనిషి. వారం నుంచి దశరథ దగ్గరికొస్తే చాలు, ఆమె స్క్రీను మార్చేస్తోంది. వరండాలోకి పోయి ఎవరితోనో గుసగుసలాడుతోంది. ఇంకేం కావాలి మనవాడికి!

ఆ సాయంత్రమే దీక్ష టెంటుకు వెళ్లి తన ఊరి పెద్ద రామస్వామి చెవిన వేశాడు.

"మా మేడం లెక్క మార్చింది మామా. మన తెలంగాణ బావులెండితే ఆమెకేంది?"

"రేపు పదకొండు గంటలకు ఒస్తం. ఆమెను కిందికి దింపు, చాలు."

మర్నాడు పదిన్నరకు శేషారత్నమే అతణ్ణి పిలిచింది.

"దశరథా, ఏడో బోరులో పదకొండు మీటర్లు బంకమన్ను అని ఎక్కించావు. బోరులోంచి తీసినవి పేర్చిన రాళ్లపెట్టెలో నిజంగా ఉందా?"

"పెట్టె ఫొటోల ఆ జాగ ఖాళీగ ఉండె మేడం. ఏం దొరకని కాడ బంకమన్ను అనే వేస్త నేను."

ఆమె ఫోను కలిపి స్పీకరు పెట్టింది. అవతల బోరు వేసిన అంతయ్య.

"బంకమన్నయితే బిర్రుగ పట్టుకొని పైకొస్తదమ్మా. గది ఉత్త ఇసుక. నీళ్లతోని కొట్టుకపోయింది, గందుకే పెట్టె ఖాళీ."

శేషారత్నం బంకమన్ను తీసి ఇసుక పెట్టి, కంప్యూటర్‌లో లెక్క మళ్లీ నడిపించింది. స్క్రీను మీద రెండు పసుపు రంగు ఇసుక పొరలు వచ్చి ఒకదానికొకటి తగిలాయి. ఊరి బావులు గనిలోకి ఖాళీ అయిపోతాయి.

"అంతయ్య దొరకడానికి వారం పట్టింది," అందామె. "రూఢి కాకుండా నలుగురిలో నీ తప్పని ఎలా అంటాను? అందుకే స్క్రీను దాచాను."

దశరథకు తల కొట్టేసినట్టయింది. సిగ్గుతో ఆమె ముఖం చూడలేకపోయాడు. అంతలోనే కింద నినాదాలు మొదలయ్యాయి. ఆమె కిటికీ వైపు చూసి, "ఎవరి కోసమో పాపం," అంది.

అతను మెట్లు రెండేసి చొప్పున దిగాడు. టిఫిన్ సెంటర్ ముందు ముప్పై మంది. ముందు రామస్వామి.

"ఏదిరా ఆమె?"

"ఆమె ఏం చేయలే మామా. తప్పు లెక్క ఎక్కించింది నేనే. బావులెండుతయని పట్టుకున్నదే ఆమె."

రామస్వామి అతణ్ణి కిందినుంచి పైదాకా చూశాడు. నిన్నటిదాకా దశరథ శేషారత్నాన్ని చూసింది సరిగ్గా ఆ చూపుతోనే.

"నిన్న గట్ల, ఇయ్యాల గిట్ల. ఎంతకు అమ్ముడువోయినవ్ రా?"

దశరథ ఏదో చెప్పబోయాడు. వినడానికి అక్కడ ఒక్కరూ సిద్ధంగా లేరు. వాళ్ల చోట తను ఉన్నా వినేవాడు కాదు. అందుకే మెట్లకు అడ్డంగా నిలబడ్డాడు, ఎవరినీ పైకి పోనివ్వకుండా.