సారు కంటే ముందు పడిన వాలుగ

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. పని బాగా చేస్తే పర్మనెంటు చేస్తారని. (నవ్వకండి, అప్పటికి నాకు ఇరవై మూడేళ్లు.) బెజవాడ వన్ టౌన్‌లో పంపు మోటార్లు అమ్మే కంపెనీ మాది. నాది కాంట్రాక్టు ఉద్యోగం. దాన్ని పర్మనెంటు చేయాలన్నా, నన్ను ఇంటికి పంపాలన్నా మేనేజరు గారి దయ. గన్నవరం అవతల మా ఊళ్లో మా నాన్న నడుం నొప్పితో ఇంక వంగలేక, 'మావాడికి పర్మనెంటయిపోతోందండీ, ఈ ఏడు మీ చేను నేను చెయ్యలేను' అని కౌలు పొలాన్ని ఆసామికి ముందే వదిలేశాడు. ఫోన్లో నేను కోసిన కోతలు విని ఆ తొందర పడ్డాడు పాపం.

మా సారుకి చేపల వేట పిచ్చి. గట్టున కూర్చుని గాలం వేయడం ఆయనకు నామోషీ. బ్యారేజీకి ఎగువన నిండు కృష్ణలో మోటారు పడవ మెల్లగా పోతుంటే, దాని వెనక గాలపు తాళ్లు ఈడ్చుకుంటూ పోవాలి. ఎర ఎంత లోతున పోతుందనేది తాడుకు కట్టే సీసపు గుండును బట్టి ఉంటుంది. శనగ్గింజంత మొదలుకొని నిమ్మకాయంత దాకా ఆయన దగ్గర పెట్టెడు గుండ్లుండేవి. ఏటా ఎండాకాలంలో ఒక ఆదివారం ఆఫీసు వాళ్లందరినీ ఈ వేటకు తీసుకెళ్లేవాడు. దాన్ని పిక్నిక్ అనేవారు. రానంటే ఊరుకునేవారు కాదు.

పడవెక్కగానే మా అకౌంటెంటు నా చెవిలో చెప్పాడు. ఆయన్ని మేం చాటుగా 'అవునండీ గారు' అనేవాళ్లం, సారు ముందు ఆయన నోట మరో మాట రాదు గనక.

"సారు కంటే ముందు చేప పట్టమాకు బాబూ. పోయినేడు ఒకాయన పట్టాడు."

"ఏమైందండీ?"

"ఏలూరు బ్రాంచిలో ఉన్నాడిప్పుడు. పెళ్లాం పిల్లలు ఇక్కడే."

ఇంతలో సారు పాఠం మొదలుపెట్టాడు. "చూడండయ్యా, గుండు బరువయ్యే కొద్దీ ఎర అడుక్కి పోయి బురదలో ఈడ్చుకుపోద్ది. అక్కడ చేప ముఖం కూడా చూడదు. శనగ్గింజే కరెక్టు." అందరూ 'అవునండీ' అని తలో శనగ్గింజ తీసుకున్నారు. నేనూ అదే కడితే, ఖర్మ కాలి నాకే ముందు పడితే? అవునండీ గారు కన్ను గీటాడు. "ఆ నిమ్మకాయ కట్టు. నీకేం పడదు. సారు నిన్ను నాలుగు తిట్టి నేర్పిస్తాడు. తాను నేర్పినోణ్ణి సారు మర్చిపోడు." ఆహా, ఎంత తెలివి అనుకున్నాను. పెట్టెలోకెల్లా పెద్ద గుండు తీసి కట్టాను. సారు నా వంక చూసి జాలిగా నవ్వాడు. పర్మనెంటు ఆర్డరు చేతికొచ్చినట్టే అనిపించింది.

మే నెల ఎండ. ఆ ఎండకి నదిలో చేప అన్నది ఎక్కడో అడుగున చల్లదనం వెతుక్కుని పడుకుంటుందని మాలో ఒక్కడికీ తట్టలేదు. నా గుండు తిన్నగా దాని దగ్గరికే దిగింది. గాలం కర్ర వంగిపోయింది. వదిలేసి పోతుందేమోనని తాడు సడలించాను. పోలేదు. మనసులో దణ్ణం పెట్టుకున్నాను. అయినా పోలేదు. నన్ను అంత గట్టిగా పట్టుకున్నది నా జీవితంలో మరొకటి లేదు. పడవతను సంబరంగా వల దించి పైకి లాగాడు. మూర పొడవు వాలుగ, మీసాలాడిస్తూ నా కాళ్ల దగ్గర పడింది.

అందరూ సారు వంక చూశారు. "సార్, ఇది మీ చేపే సార్, మీ తాడు నా తాడుకు చిక్కుకుంది" అన్నాను. సారు తన గాలం పైకెత్తాడు. ఎర చెక్కు చెదరకుండా ఉంది. నీళ్లు కారుతున్న ఆ ఎరను అందరూ చూసి, తలలు తిప్పుకుని కొండపల్లి కొండల అందం గురించి మాట్లాడుకున్నారు. కాసేపటికి వాలుగ సారు చేతుల్లోకి వెళ్లింది, ఫోటో కోసం. సాయంత్రానికి ఆఫీసు వాట్సాప్ గ్రూపులో 'మన సారు పట్టిన వాలుగ' అని అవునండీ గారు పెట్టాడు. నేనూ దానికి రెండు దణ్ణాలు పెట్టాను.

నెలాఖర్న సారు పిలిచాడు. "పని బానే చేస్తావయ్యా. కానీ నలుగుర్లో కలిసే రకం కాదు. అందరూ తేలిక గుండు తీసుకుంటే నీ ఒక్కడికే పెద్దది కావాల్సొచ్చింది."

పర్మనెంటు మాట అక్కడితో సరి. అప్పటికి మా కౌలు చేను ఇంకొకరు దున్నుతున్నారు. ఆ ఏడు మా నాన్న, నడుముకు తువ్వాలు బిగించి కట్టుకుని, అదే చేలో కూలికి వంగాడు. నన్నొక్క మాట అనలేదు. ఒకరోజు అన్నం తింటూ మాత్రం అడిగాడు.

"ఇంతకీ ఆ చేప రుచిగా ఉందంట్రా?"

"మనం తిన్లేదు నాన్నా. సారు ఇంటికి పట్టుకెళ్లారు."

"మంచి చేప," అని పచ్చడి కలుపుకున్నాడు.

ఇప్పుడు మరో కంపెనీలో నేనే మేనేజర్ని. మొన్న ఆఫీసులో క్యారమ్స్ పోటీ పెడితే ఫైనల్లో గెలిచాను. నిజానికి నాకు ఆట రాదు. నాతో ఆడిన కుర్రాడు రెడ్డు కాయిన్ను గుంత అంచు దాకా తెచ్చి, చెయ్యి వణికినట్టు నటించి నాకు వదిలేశాడు. ఆ నటన కనిపెట్టడానికి బెజవాడలో నాకంటే అర్హుడు లేడు. అయినా కాయిన్ వేసేసి, చప్పట్లు కొట్టించుకుని, కప్పు పట్టుకుని ఫోటో దిగాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను. కుర్రాడు కూడా నవ్వుతూ చప్పట్లు కొట్టాడు. వాడిది కాంట్రాక్టు ఉద్యోగం.