గుట్ట వెనక ఏమున్నదని అడిగితే

మా చిన్నప్పుడు... మా అవ్వ పూలకు పోతే దొంగతనానికి పోయినట్టే పోయేది.

అవ్వ అంటే మా అమ్మ. మొయినాబాద్ దాటి చేవెళ్ళ పోయే తోవలో మా ఊరు. పేరు చెప్పను, అడగొద్దు. ఊరి వెనక ఊరందరి అడవి, మధ్యలో చిన్న గుట్ట. బతుకమ్మ పండుగ రేపనగా అవ్వ నన్ను వెంటబెట్టుకొని పూలకు బయలుదేరేది. గంపలో గొడ్డలి పెట్టుకునేది... కట్టెలకు పోతున్నట్టు.

వెనకింటి బాలమణి గోడ మీంచి తొంగి చూసేది.

"ఏమే లచ్చమ్మా, కట్టెలకా, పూలకా?"

"కట్టెలకే అక్కా."

"కట్టెలకు సద్దిముల్లె ఎందుకే? అడివంత నరికి వస్తవా ఏంది?"

అవ్వ గంప నెత్తికెత్తుకునేది. అప్పుడు బాలమణి నా మీద పడేది. "ఏం పిలగా, గుట్టెనక ఏమున్నదిరా?"

"రాళ్లున్నయ్ పెద్దమ్మా."

అవ్వ నేర్పిన మాటే అది. "ఎవ్వలడిగినా రాళ్లున్నయ్ అను. పువ్వన్న మాట నీ నోట్లకెల్లి రావద్దు" అని చెవి మెలిపెట్టి నేర్పింది.

ఎందుకంటే, ఎవరి బతుకమ్మ ఎత్తుగా ఉంటే ఆ యేడు పేరు వాళ్ళది. మా అవ్వ బతుకమ్మను మించింది ఊళ్ళో లేదు.

బండ్లబాట పట్టుకొని పోతే దారిపొడుగునా తంగేడు... గడ్డిలో నీలంగా కట్లపూలు. అవి అందరికీ తెలిసినవే. గుట్ట దగ్గర రెండు బండల సందులో దూరి అవతలికి పోతే మాత్రం... ఏటవాలంతా బతుకమ్మకు పేర్చే గునుగు పూలు. మేకపిల్లల మంద పండుకున్నట్టు తెల్లగా ఉండేది. అక్కడే జొన్నరొట్టె తిని, గంప నింపి, పైన కట్టెపుల్లలు కప్పి, మధ్యాహ్నానికి వేరే తోవన ఇల్లు చేరేవాళ్ళం.

అవ్వ పోయింది. ఆ చోటు నాకొక్కడికే మిగిలింది. నా పెళ్ళాం యాదమ్మకు కూడా చూపించలేదు, పూలు మాత్రం తెచ్చిచ్చేవాణ్ణి.

తర్వాత ఐటీ కంపెనీలు వచ్చాయి. అజీజ్‌నగర్ పొలాలకు గోడలు లేచాయి. నిన్న నాగలి పట్టినవాడు ఇవాళ అదే పొలం గేటు దగ్గర వాచ్‌మన్. బూట్లు వేసుకొని మట్టి మీద నడిచేవాడు ఎవడైనా బ్రోకరే... మా లెక్క అది. ఆ లెక్క ఎన్నడూ తప్పలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే మా అడవి దగ్గర కారు ఆగింది. మొగుడూ పెళ్ళాం దిగారు. బూట్లు, టోపీలు, కెమెరా. నేను వెంటబడ్డాను.

"ఎవరి మనుషులు మీరు?"

"ఎవరి మనుషులమూ కాదండీ" అన్నదామె. పేరు సునీత అట, భీమవరం వైపు వాళ్ళట. "గచ్చిబౌలిలో ఉద్యోగాలు. సెలవు కదాని పూలు చూడ్డానికొచ్చాం."

"పూలు చూడనీకి పెట్రోలు కాల్చుకొని వస్తరా? ఎకరం ఎంత చెప్పిండ్రు, అది చెప్పుండ్రి."

మొగుడు నవ్వాడు. "ఇది ఊరందరిదటగా పెద్దాయనా, ఎవరమ్ముతారు?"

"అమ్మనిది ఏమున్నది సారూ గీడ?"

పూటంతా వాళ్ళతోనే నడిచాను, కావలి కాసినట్టు. ఆమె గోరంత పువ్వు కనబడినా ప్యాంటుకు మట్టి అంటుతుందని చూడకుండా మోకాళ్ళ మీద కూర్చునేది. బ్రోకరు అట్లా కూర్చోడు... జర మెత్తబడ్డాను.

అంతలో ఆమె పుస్తకం తీసి గీతలు గీసింది. గుట్ట, బాట, చుక్కలు.

"పూలకు నక్షా ఎందుకమ్మా?"

"ఎక్కడేం పూస్తాయో రాసి మీ ఊరివాళ్ళకే ఇస్తామండీ. రేపెవరైనా తవ్వడానికొస్తే ఆపమని అడగడానికి పనికొస్తుంది."

నక్షా పట్టుకొని వచ్చినవాడు భూమి కాపాడింది నేను చూడలేదు. నమ్మలేదు.

"ఆ గుట్ట వెనకేముందండీ?"

నోరు దానంతటదే అన్నది. "రాళ్లున్నయ్. పాములు గిట్ల ఉంటయ్, పోవద్దు."

ఆమె రాసుకుంది. మధ్యాహ్నానికి వెళ్ళిపోయారు. నేను మీసం తిప్పుకుంటూ ఇంటికొచ్చాను. అవ్వ ఉంటే మెచ్చుకునేది అనుకున్నాను.

కొన్నేళ్ళకు నిజంగానే కొలతల వాళ్ళు వచ్చారు, రోడ్డుకని. ఊరంతా చావడి ముందు కూర్చున్నాం. సర్పంచి ఒక కాగితం తీశాడు. సునీత రాసిచ్చిందే. ఇంతకాలం దాచిపెట్టాడట. ఒక్కొక్కటే చదివాడు... బాట పొడుగునా తంగేడు, కట్లపూలు, ఇంకా నాకు పేరు తెలియనివి ఎన్నో. చివర్న... "గుట్ట వెనక రాళ్ళు. ఊరి పెద్దాయన చెప్పారు."

"ఎవలా పెద్దాయన?" అన్నాడు సర్పంచి.

నేను తల ఎత్తలేదు. అబద్ధం చెప్పిన అని పదిమందిలో అంటే నా పరువేం కాను... అదే పట్టుకొని కూర్చున్నాను. గునుగు ఉన్నదని ఒక్క మాట అని ఉంటే సరిపోయేది.

పూలున్న వైపు వదిలేస్తామని వచ్చినవాళ్ళు ఒప్పుకున్నారు. రాళ్ళున్న వైపు రోడ్డు వేశారు.

గునుగు అని రాసి ఉంటే ఆగేవాళ్ళా? ఏమో... నాకు ఇప్పటికీ వాళ్ళ మీద నమ్మకం లేదు. కానీ గుట్టకు ముందున్న సగం మిగిలింది కదా. అక్కడ తంగేడు ఇంకా పూస్తున్నది. ఆమె రాసింది నిలిచింది, నేను దాచింది పోయింది.

ఆ రెండు బండలను కూడా పగలగొట్టి కంకర చేశారు. ఇప్పుడు గుట్ట వెనక ఏమున్నదని ఎవరన్నా అడిగితే... రాళ్ళని చెప్పడానికి రాళ్ళు కూడా లేవు.

యాదమ్మకు కూడా ఇది చెప్పలేదు. మీకే చెప్పాను.

మీ అమ్మలు పూలు ఎక్కడ కోసేవాళ్ళో, ఆ చోటు ఇంకా ఉంటే... ఎవరికో ఒకరికి చూపించి పెట్టండి. ఇక్కడ రాయకపోయినా నేనేమీ అనుకోను. నేనైతే ఊరి పేరే చెప్పలేదు కదా.