రేడియో ముందు మా మేనత్త

నా చిన్నప్పుడు యుద్ధం మా ఊరికి రేడియోలో వచ్చింది. మిరుదొడ్డి దగ్గరి ఆ పల్లెలో రేడియో ఒక్క పటేల్ ఇంట్లోనే ఉండేది. పొద్దుగూకే వేళ ఆయన దాన్ని అరుగు మీద పెట్టించేవాడు. ఆయన బంధువులు అరుగు మీద, మా కూలోళ్ల కుటుంబాలు కింద మట్టిలో. సరిహద్దు ఎటువైపు ఉందో మాలో ఎవరికీ తెలియదు. అయినా వార్తలు వింటుంటే అందరి గుండెలూ కొట్టుకునేవి.

ఒకనాడు వార్తల తర్వాత ఎవరో పెద్దమనిషి ప్రసంగం వచ్చింది. మన సైనికులు కాపాడుతున్నది నేలను మాత్రమే కాదట, రాజ్యాంగం మనకిచ్చిన స్వేచ్ఛలను కూడానట. నోరు విప్పి మాట్లాడే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడికైనా పోయే స్వేచ్ఛ, నచ్చిన పని చేసుకునే స్వేచ్ఛ. పటేల్ కళ్లు తుడుచుకుని చప్పట్లు కొట్టాడు. మేమూ కొట్టాం.

చప్పట్లు ఆగాక నా పక్కన కూర్చున్న మా మేనత్త లేచింది. భర్త పోయాక ఆమె మా ఇంట్లోనే ఉంటూ పటేల్ పొలంలో కూలి చేసేది. ఆ పొలంలో పని ఉన్నన్నాళ్లు మా వాడవాళ్లెవరూ మరోచోట పనికి పోకూడదు. అది ఊరి కట్టుబాటు.

"పటేలా, గా రేడియోల చెప్పింది మాకు గూడనా?" అని అడిగింది. "గట్లయితే రేపటి సంది నేను సిద్దిపేటకు పోత. బీడీలు చేసుకుంట."

పటేల్ రేడియో ఆపేశాడు. "ఏందే, నోరు లేస్తుంది? లడాయి నడుస్తుంటే నీకు స్వేచ్ఛ గావాల్నా?"

"లడాయి గందుకే అని ఇప్పుడే చెప్పిన్రు గదా."

ఒక్కరూ ఆమె పక్కన నిలబడలేదు. పటేల్ కంటే ముందు మావాళ్లే తిట్టిపోశారు. "నీ నోటికి మా బువ్వ పోతది. కాళ్లు మొక్కు!" అంటూ మా బాపు అందరి ముందూ చెల్లెలి మెడ వంచబోయాడు. ఆమె వంగలేదు. నా చేయి పట్టుకుని ఇంటి దారి పట్టింది. ఆ చేయి గజగజా వణుకుతోంది. ఎదురు మాట్లాడేవాళ్లకు భయం ఉండదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

మరునాటి నుంచి మా ఇంటివాళ్లెవరినీ పనికి పిలవలేదు. బావి దగ్గర ఆడవాళ్లే మేనత్త బిందెను తన్నేశారు. ఇంట్లో బాపు ఆమె ముఖం చూడటం మానేశాడు. ఒక పొద్దున ఆమె బట్టలు మూటగట్టుకుని సిద్దిపేటకు నడిచిపోయింది. పోతుంటే బాపు వాకిట్లోకి కూడా రాలేదు. యుద్ధం గెలిచామని పటేల్ ఊరంతా చక్కెర పంచినప్పుడు మా గడప ఒక్కటే వదిలేశాడు.

మేనత్త బీడీలు చేస్తూ చివరిదాకా సిద్దిపేటలోనే బతికింది. బాపు చనిపోయేదాకా ఆమెతో మాట్లాడలేదు. కానీ ఒక్కొక్కరుగా మా వాడ ఆడవాళ్లు ఆమె దగ్గరికి పోయి ఆ పని నేర్చుకున్నారు. బిందె తన్నినవాళ్లు కూడా. ఆమె వాళ్లకూ నేర్పింది, కానీ వాళ్లతో నవ్వుతూ మాట్లాడలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. గ్రామసభలో అన్యాయం కనబడితే లేచి అడుగుతాను. కూర్చోమని కసిరేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు కాళ్లు వణుకుతాయి. వణుకు తగ్గేదాకా మాత్రం ఆగను.